నది ఒడ్డున టెంటు వేయాలన్నా, ఆర్వీ నిలపాలన్నా ముందు చూడవలసింది మెరక

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. మీరు డాలస్ దగ్గర ఉంటున్నారు. మే నెలాఖరున మెమోరియల్ డే సెలవులకు రెండు కుటుంబాలు కలిసి టెక్సస్‌లోని కొండ ప్రాంతమైన హిల్ కంట్రీలో గ్వాడలూప్ నది దగ్గర గానీ ఫ్రియో నది దగ్గర గానీ మూడు రాత్రులు గడపాలనుకుంటున్నారు. ఒక కుటుంబం టెంటులో ఉంటుంది. రెండవ కుటుంబం ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో కలిసి అద్దెకు తీసుకున్న 28 అడుగుల మోటర్ హోమ్‌లో, అంటే ఇల్లులా అమర్చిన ఆర్వీ బండిలో ఉంటుంది. ఒక ప్రైవేటు ఆర్వీ పార్కు వారి ఫోటోలలో బండి దాదాపు నీళ్లను ఆనుకుని నిలబడి ఉంది కాబట్టి అదే బుక్ చేయాలా, లేక స్టేట్ పార్కు మేలా అని అడిగారు.

సూటిగా చెబుతాను. నీళ్లను ఆనుకుని ఉన్న ఆ మొదటి వరుస సైటును రాత్రి నిద్రకు తీసుకోవద్దు. పగలంతా నది పక్కనే గడపండి, పిల్లలను ఆడించండి, పెద్దలకు చెట్ల నీడలో కుర్చీలు వేయండి. చీకటి పడ్డాక పడుకునే చోటు మాత్రం నదికి బాగా పైన, మెరక మీద ఉండాలి. నేను చాలా ఏళ్లుగా ఈ ప్రాంతంలో మొదట టెంటుతోనూ, తరువాత ట్రెయిలరుతోనూ తిరుగుతున్నాను. నీడ, కరెంటు, మరుగుదొడ్ల శుభ్రత, పక్క సైటువారి పాటలు, ఇవన్నీ ఎలాగో సర్దుకోగలిగినవే. నేల ఎత్తు, బయటపడే దారి అనే రెండింటిని మాత్రం అక్కడికి చేరాక ఎవరూ మార్చలేరు. అందుకే వాటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

గోదావరి, కృష్ణ వరదలు చూసి పెరిగిన మనకు నది పొంగడమంటే రోజుల వ్యవహారం అన్న అంచనా మనసులో స్థిరపడి ఉంటుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ప్రకటిస్తారు. ఎగువన పేరూరు దగ్గర నీరు పెరిగిన తరువాత భద్రాచలంలో పెరగడానికి గంటల వ్యవధి ఉంటుంది, ధవళేశ్వరం దగ్గర పెరగడానికి ఇంకా ఎక్కువ వ్యవధి ఉంటుంది. లంకల్లోని వారు గొడ్డూగోదా తోలుకుని గట్టు ఎక్కేది ఆ వ్యవధిలోనే. టెక్సస్ హిల్ కంట్రీలో ఆ లెక్క పనికిరాదు. ఇక్కడివి సున్నపురాయి కొండలు, వాటి మీద పలుచని మట్టి పొర, మధ్యలో ఏటవాలు లోయలు. మెక్సికో గల్ఫ్ నుంచి వచ్చే తేమగాలి బాల్కోనిస్ కొండల అంచు దగ్గర పైకి లేచి, కొన్ని రాత్రులు ఒకే చోట గంటల తరబడి కురుస్తుంది. నేల పీల్చుకోలేని ఆ నీరంతా వాగుల్లోంచి చూస్తుండగానే నదిలో పడుతుంది. ఈ ప్రాంతానికి 'ఫ్లాష్ ఫ్లడ్ ఆలీ' అన్న పేరు ఊరికే రాలేదు.

2025 జూలై 4 తెల్లవారుజామున కెర్ కౌంటీలో గ్వాడలూప్ నది సుమారు 45 నిమిషాల్లో 26 అడుగులు పెరిగిందని అధికారులు చెప్పారు. ఆ వరదల్లో టెక్సస్ మొత్తం మీద 130 మందికి పైగా చనిపోయారు. వారిలో వేసవి క్యాంపుకు వచ్చిన చిన్నపిల్లలు ఉన్నారు, ఒడ్డున ఉన్న ఆర్వీ పార్కుల్లో నిద్రలో ఉన్నవారూ ఉన్నారు. ఆ రాత్రి ఏ హెచ్చరిక ఎప్పుడు వచ్చిందో తెలుసుకుంటే మీకు చాలా విషయం బోధపడుతుంది. అమెరికా వాతావరణ సంస్థ నేషనల్ వెదర్ సర్వీస్ ముందురోజు మధ్యాహ్నమే ఫ్లడ్ వాచ్ ఇచ్చింది. రాత్రి 1:14కి కెర్ కౌంటీకి ఫ్లాష్ ఫ్లడ్ వార్నింగ్ ఇచ్చింది. 4:03కి దాన్ని ఫ్లాష్ ఫ్లడ్ ఎమర్జెన్సీగా పెంచింది. వాచ్ అంటే వరద రావడానికి తగిన పరిస్థితులు ఉన్నాయని, వార్నింగ్ అంటే వరద వస్తోందని లేదా వచ్చేసిందని, ఎమర్జెన్సీ అంటే ప్రాణాల మీదకు వచ్చిందని అర్థం. ఇంట్లో ఉన్నవారు వార్నింగ్ వచ్చాక కదిలినా సరిపోవచ్చు. నది ఒడ్డున గుడ్డ గోడల మధ్య పడుకున్నవారు మాత్రం వాచ్ వచ్చినప్పుడే, వెలుతురు ఉండగానే మెరకకు మారిపోవాలి. మీరు వెళ్లే వారం ఆ కౌంటీకి వాచ్ ఉంటే ప్రయాణమే మానుకోమంటాను. డిపాజిట్టు పోతే పోయింది.

మెమోరియల్ డే గురించి కూడా ఒక మాట. 2015లో సరిగ్గా అదే వారాంతంలో బ్లాంకో నది వింబర్లీ దగ్గర రాత్రికి రాత్రి 40 అడుగులు దాటింది. ఈ ప్రాంతంలో మే, జూన్ నెలలు, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరు నెలలు భారీ వర్షాలకు పేరుపడ్డవి. అంటే క్యాంప్‌గ్రౌండ్లు కిక్కిరిసి మంచి సైట్లు దొరకని రోజులూ, నది ఉన్నట్టుండి పొంగే రోజులూ చాలావరకు ఒకటే. వీలుంటే ఒక వారం అటూ ఇటూ జరిపి, ఆదివారం నుంచి బుధవారం దాకా వెళ్లడానికి చూడండి. వరద భయం దానితో పోదు కానీ, ఎంచుకోవడానికి సైట్లు మిగులుతాయి.

ఇక నేలను ఎలా చదవాలో చెబుతాను. బుక్ చేసే ముందు ఇంట్లోనే కూర్చుని చేయగలిగిన పని కొంత ఉంది. ఉపగ్రహ పటంలో నది నీటిమట్టం ఎత్తు ఎంత, మీ సైటు ఎత్తు ఎంత అన్నది వేలు పెట్టి చూడండి. రెండింటికీ తేడా పది అడుగులే అయితే అది మొదటి వరుస కిందే లెక్క, ఆ పార్కు దాన్ని ఏ పేరుతో పిలిచినా సరే. ఫీమా (అమెరికా విపత్తు నిర్వహణ సంస్థ) వారి వరద పటంలో ఆ పార్కు చిరునామా కొట్టి చూస్తే, అది వరద మైదానంలో ఉందో లేదో, అందులోనూ ప్రవాహం జోరుగా సాగే ఫ్లడ్‌వేలో ఉందో లేదో తెలుస్తుంది. ఆ పటంలోని 'వందేళ్ల వరద' అనే మాట చాలామందిని పొరపాటు పడేలా చేస్తుంది. వందేళ్లకు ఒకసారి వస్తుందని కాదు, ఏ ఏడాదైనా రావడానికి 1 శాతం అవకాశం ఉందని దాని భావం. 30 ఏళ్ల కాలంలో చూస్తే ఆ అవకాశం నాలుగో వంతు దాటుతుంది.

అక్కడికి చేరాక సామాను దించకముందే ఒకసారి ఒడ్డు వెంట నడవండి. గ్వాడలూప్, ఫ్రియో నదుల వెంట బాల్డ్ సైప్రస్ చెట్లు వరుసగా ఉంటాయి. వాటి మొదళ్ల దగ్గర కాదు, పైన కొమ్మల్లోకి చూడండి. ఎగువ వైపున ఎండుగడ్డి, పుల్లలు, చిరిగిన ప్లాస్టిక్ సంచి, ఒక్కోసారి తోటకు నీళ్లు పెట్టే గొట్టం ముక్క కూడా కొమ్మకు చుట్టుకుని కనిపిస్తాయి. అది గాలికి వచ్చి చిక్కుకున్న చెత్త కాదు, నీళ్లు తెచ్చి పెట్టింది. చెత్త చిక్కుకున్న ఎత్తే కిందటి వరద ఎత్తు. అక్కడి నుంచి చూపును అడ్డంగా మీ సైటు దాకా పోనివ్వండి. మీ టెంటు వేసే నేల ఆ ఎత్తుకు కిందగా ఉంటే ఇక ఆలోచించడానికి ఏమీ లేదు. చిన్న చెట్లన్నీ దిగువ వైపుకు ఒరిగి ఉన్నా, గడ్డి మధ్యలో నున్నటి గులకరాళ్లు పరుచుకుని ఉన్నా, కొత్త ఒండ్రు పొర కనిపించినా అది నది తనదిగా వాడుకునే నేలే. నది మలుపు తిరిగే చోట లోపలి వైపు ఇసుక తిన్నె ఉంటుంది. పిల్లలకు అది ఎంత ముచ్చటగా ఉంటుందో, నీరు పెరిగినప్పుడు అంత త్వరగా మునుగుతుంది. బయటి వైపు గట్టు ఎత్తుగానే ఉంటుంది కానీ కోతకు గురవుతుంది. అంచు కింద ఖాళీ ఏర్పడి వేళ్లు వేలాడుతుంటే టెంటునూ బండినీ దానికి దూరంగా ఉంచండి.

పెద్ద నదిని మాత్రమే చూసి పక్కన కలిసే వాగును మరచిపోవడం చాలామంది చేసే పని. ఆ వాగు మే నెలలో పూర్తిగా ఎండిపోయి నడిచే బాటలా కనిపించవచ్చు. స్పెయిన్‌లోని బియెస్కాస్‌లో 1996 ఆగస్టు 7న ఒక క్యాంప్‌గ్రౌండు మీద వరద పడి 87 మంది చనిపోయారు. ఆ నీరు పెద్ద నదిది కాదు, కొండ మీద నుంచి దిగే ఒక పక్క వాగుది. ఆ వాగు కొట్టుకొచ్చిన రాళ్లూ మట్టీ విసనకర్రలా పరుచుకున్న చోటే క్యాంప్‌గ్రౌండు కట్టారు. కాబట్టి పటంలో మీ సైటుకు దగ్గరగా సన్నని నీలిగీత ఏదైనా వచ్చి నదిలో కలుస్తుంటే ఆ సైటును వదిలేయండి.

నేల ఎత్తు సరిపోయినంత మాత్రాన పని కాలేదు. బయటకు పోయే దారి సైటు కంటే పల్లంగా ఉంటే ఎత్తు మీద చిక్కుకుపోతారు. హిల్ కంట్రీలో ఊళ్ల రోడ్లు చాలా చోట్ల నదినీ వాగులనూ వంతెన లేకుండా, కాలిబాటంత ఎత్తున్న కాంక్రీటు పలక మీదుగా దాటుతాయి. వాటిని లో వాటర్ క్రాసింగ్ అంటారు. పక్కన అడుగుల గీతలు ఉన్న తెల్లని స్తంభం పాతి ఉంటుంది. క్యాంప్‌గ్రౌండుకు వెళ్లేటప్పుడు ఆ స్తంభాలు ఎన్ని దాటారో గమనించుకోండి. వాన పడితే మీ దారిలో మొదట మునిగేవి అవే. కదిలే నీరు 6 అంగుళాలుంటే పెద్దమనిషినైనా పడదోస్తుందని, 12 అంగుళాలకు చిన్న కారు కొట్టుకుపోతుందని, 2 అడుగులకు చాలా వాహనాలు తేలిపోతాయని వెదర్ సర్వీస్ ఏళ్ల తరబడి చెబుతోంది. మోటర్ హోమ్ బరువుగా ఉంది కదా అనుకోవద్దు. దాని పక్కగోడ వెడల్పు వల్ల ప్రవాహానికి అందే వైశాల్యం కారుకంటే చాలా ఎక్కువ. క్రాసింగ్ దాటనవసరం లేకుండా హైవేకు చేరే దారి ఉన్న క్యాంప్‌గ్రౌండుకు నేను మిగతా హంగులు తక్కువైనా ముందు మార్కు వేస్తాను.

టెంటువారికంటే ఆర్వీవారు సురక్షితంగా ఉంటారనుకోవడం సహజం. రాత్రివేళ కదలవలసి వస్తే నిజం తలకిందులవుతుంది. టెంటులోని వారు చెప్పులు వేసుకుని, పిల్లలను ఎత్తుకుని, టార్చి పట్టుకుని గుట్ట ఎక్కగలరు. ఆర్వీ కదలాలంటే కరెంటు బ్రేకరు ఆపి తీగ పీకాలి, నీళ్ల గొట్టం విప్పాలి, మురుగు గొట్టం వాల్వు మూసి ఊడదీయాలి, పందిరి చుట్టాలి, పక్కకు తెరిచిన స్లైడును (గదిని వెడల్పు చేసే భాగాన్ని) లోపలికి లాక్కోవాలి, జాకీలు ఎత్తాలి, చక్రాల కింది దిమ్మలు తీయాలి. పగలు, ఎండలో, అలవాటున్నవారికే ఇది పదిహేను ఇరవై నిమిషాల పని. అర్ధరాత్రి కుంభవృష్టిలో, మొదటిసారి అద్దెకు తీసుకున్నవారికి ఎంతసేపు పడుతుందో మీరే ఊహించండి. అందువల్ల మీ రెండు కుటుంబాలూ ముందే ఒక మాట అనుకోండి. వార్నింగ్ వస్తే బండిని అక్కడే వదిలేసి మనుషులు మాత్రమే కాలినడకన పైకి పోవాలి. అద్దెకు తీసుకునేటప్పుడే బీమా తీసుకుని, ఆ తరువాత బండి గురించి ఆలోచించడం మానేయండి.

మీ అమ్మానాన్నల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వారి ఫోన్లలో ఇండియా సిమ్ ఉంటే ఇక్కడి అత్యవసర హెచ్చరికలు అందుతాయన్న భరోసా పెట్టుకోవద్దు. అందినా ఆ సందేశం ఇంగ్లీషులో, కర్ణకఠోరమైన మోతతో వస్తుంది. అదేమిటో తెలియనివారు భయపడి ఫోను ఆపేసే అవకాశమే ఎక్కువ. చేరిన సాయంత్రమే వెలుతురుండగా వారిని వెంటబెట్టుకుని మెరకకు పోయే దారి నడిపించండి. మోకాళ్లనొప్పులు ఉన్నవారికి మెట్లున్న దారికంటే వాలుగా ఉన్న తారురోడ్డు మేలు, అది రెండు నిమిషాలు చుట్టయినా సరే. మరీ ముఖ్యంగా, ఫోను మీదే ఆధారపడవద్దు. ఈ లోయల్లో చాలా చోట్ల సిగ్నలు ఉండదు. 2010 జూన్ 11 తెల్లవారుజామున ఆర్కాన్సాలోని ఆల్బర్ట్ పైక్ క్యాంప్‌గ్రౌండు దగ్గర లిటిల్ మిజోరి నది పొంగి, నిద్రలో ఉన్నవారిలో 20 మందిని పొట్టనబెట్టుకుంది. అక్కడా ఫోను సిగ్నలు లేదు. బ్యాటరీతో పనిచేసే వెదర్ రేడియో ఒకటి కొనండి. 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ మధ్య వచ్చే ప్రసారాన్ని అది పట్టుకుంటుంది, వార్నింగ్ రాగానే తనంతట తానే మోగి నిద్ర లేపుతుంది. గ్వాడలూప్ ఒడ్డునే ఉన్న కంఫర్ట్ అనే ఊళ్లో 2025 జూలై 4న సైరన్లు మోగాయి, అక్కడ ప్రాణనష్టం జరగలేదు. మీరు వెళ్లే చోట సైరను ఉందా అని అడగడం అతిజాగ్రత్త ఏమీ కాదు.

నది నీటిమట్టాన్ని మీరే చూసుకోవచ్చు. అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ యు.ఎస్.జి.ఎస్. గ్వాడలూప్ మీద హంట్, కెర్‌విల్, కంఫర్ట్, స్ప్రింగ్ బ్రాంచ్ దగ్గర, ఫ్రియో మీద కాంకన్ దగ్గర కొలమానాలు పెట్టి, లెక్కలను ఇంటర్నెట్‌లో ఉంచుతుంది. మీ క్యాంప్‌గ్రౌండు ఎక్కడుందో చూసి, దానికి ఎగువన ఉన్న కొలమానాన్ని గుర్తుపెట్టుకోండి. గ్వాడలూప్ రివర్ స్టేట్ పార్కు స్ప్రింగ్ బ్రాంచ్ దగ్గర ఉంటుంది కాబట్టి దానికి కంఫర్ట్, కెర్‌విల్ కొలమానాలు ముందస్తు కబురు చెబుతాయి, కొన్ని గంటల వ్యవధి దొరుకుతుంది. హంట్ దగ్గర, నది పుట్టే కొండల్లోనే ఉంటే ఆ వ్యవధి దొరకదు. ఎగువన చెప్పేవారే ఉండరు. ఒకే నది మీద రెండు చోట్ల మధ్య ఉన్న ఈ తేడాను నేను చాలా పెద్ద తేడాగా చూస్తాను.

ఆనకట్టకు దిగువన ఉన్న సైటు విషయం వేరు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో మన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయిన సంగతి మనలో ఎవరూ మరచిపోలేదు. ఆ రోజు ఎగువన లార్జీ ఆనకట్ట నుంచి నీరు వదిలారు. గ్వాడలూప్ మీద కాన్యన్ లేక్ ఆనకట్ట ఉంది. దాని దిగువన, న్యూ బ్రౌన్‌ఫెల్స్ వైపు ట్యూబుల మీద తేలుతూ పోవడానికి వేసవిలో జనం విరగబడతారు. అక్కడ ప్రవాహం మామూలుగా ఆనకట్ట వదిలే నీటిని బట్టి ఉంటుంది కాబట్టి, రోజూ వదులుతున్నది ఎంతో చూసుకున్నాకే నీళ్లలో దిగాలి. ఆనకట్ట ఉంది కదా, వరద రాదని మాత్రం అనుకోవద్దు. 2002 జూలైలో అదే జలాశయం నిండి స్పిల్‌వే (మిగులు నీరు పోయే దారి) మీదుగా పొర్లిన నీరు, దిగువన రాతినేలను చీల్చి ఒక కొత్త లోయనే తవ్వింది.

మీరు పంపిన ప్రైవేటు పార్కు విషయానికి వస్తే, ఆ యజమానికి ఫోను చేసి నాలుగు మాటలు అడగండి. 2025లో నీళ్లు మీ స్థలంలో ఎక్కడి దాకా వచ్చాయి? రాత్రివేళ ఇక్కడ మెలకువగా ఉండేది ఎవరు, వారు తలుపు తట్టి లేపుతారా? బయటకు పోవడానికి రెండో దారి ఉందా? వరద సూచన ఉంటే పై వరుసలోకి మారనిస్తారా, డబ్బు తిరిగి ఇస్తారా? మంచి యజమాని ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. ఫలానా సైటు నంబరు దాకా వచ్చాయి, ఫలానా చెట్టు మీద గుర్తు పెట్టాం అని ఠక్కున చెబుతాడు. మాట దాటవేసినా, ఇక్కడ అలాంటివి జరగవని అన్నా నేనైతే అంతటితో ఫోను పెట్టేస్తాను.

ఆర్వీకి కావలసిన మిగతావి త్వరగా చెప్పేస్తాను. టెక్సస్‌లో మే నెలాఖరు ఎండకు పెద్దవాళ్లతో ఏసీ లేకుండా ఉండలేరు, కాబట్టి కరెంటు ఉన్న సైటే తీసుకోవాలి. 30 యాంపుల ప్లగ్గుకు మూడు పుల్లలుంటాయి, దాని నుంచి 3,600 వాట్లు వస్తాయి. ఒక ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్, ఇండక్షన్ పొయ్యి కలిపి పెడితే బ్రేకరు పడిపోతుంది. 50 యాంపులకు నాలుగు పుల్లలు, 12,000 వాట్లు. మీ బండికి ఏది ఉందో అద్దె ఇచ్చేవారిని అడిగి, సైటులోనూ అదే ఉందో లేదో సరిచూసుకోండి. బండి పొడవును బంపరు నుంచి బంపరు దాకా కొలిచి, సైటు అనుమతించే పొడవుతో పోల్చండి. బండి వెనక్కి నడిపి పెట్టడం కొత్త కాబట్టి సూటిగా లోపలికి వెళ్లి సూటిగా బయటకు వచ్చే పుల్-త్రూ సైటు దొరికితే అదే తీసుకోండి. మురుగు కనెక్షను సైటులోనే ఉండనవసరం లేదు. మూడు రాత్రులకు డంప్ స్టేషను (పార్కులో ట్యాంకులు ఖాళీ చేసే చోటు) చాలు, కానీ ఆరుగురు స్నానాలు చేస్తే స్నానాల, సింకుల వాడిన నీళ్లు చేరే ట్యాంకు రెండో రోజుకే నిండుతుంది, అందువల్ల స్నానాలకు పార్కు స్నానాలగదులే వాడుకోండి. వంటకు నా సలహా, తాలింపులన్నీ బయట గ్యాస్ పొయ్యి మీదే పెట్టండి. చిన్న బండిలో ఆ ఘాటు రెండు రోజులు పోదు.

టెంటు కుటుంబానికి నదికి దూరంగా ఉండడంలో ఇంకో లాభం ఉంది. రాత్రి చల్లగాలి పల్లానికి జారి నది దగ్గరే నిలుస్తుంది. నీటి తేమ దానికి తోడై తెల్లవారేసరికి టెంటు లోపలి గుడ్డంతా చెమ్మగా తయారవుతుంది. కాస్త మెరక మీద, గాలి ఆడే చోట ఆ బాధ తక్కువ. నీడ కోసం పెద్ద చెట్టు కిందే వేయాలనిపిస్తుంది కానీ, ముందు తల ఎత్తి ఎండిన కొమ్మలేవైనా వేలాడుతున్నాయేమో చూడండి. 2015 ఆగస్టులో యోసెమిటీలోని అప్పర్ పైన్స్ క్యాంప్‌గ్రౌండులో ఓక్ కొమ్మ విరిగి టెంటు మీద పడి ఇద్దరు మైనర్లు చనిపోయారు. పీకన్, సికమోర్ చెట్ల కొమ్మలు గాలి లేని రోజుల్లో కూడా విరిగిపడుతుంటాయి. నది ఒడ్డు పొదల్లో మూడేసి ఆకులతో పాకే, తాకితే దద్దుర్లు వచ్చే పాయిజన్ ఐవీ విపరీతంగా ఉంటుంది. పిల్లలకు దాన్ని చూపించి పరిచయం చేసి వదిలిపెట్టండి.

పిల్లలు నీళ్లలో దిగేటప్పుడు ట్యూబు ఉన్నా సరే లైఫ్ జాకెట్ తీయనివ్వవద్దు. పేడర్నాలస్ ఫాల్స్ స్టేట్ పార్కువారు చెప్పే మాట అన్ని చోట్లా పాటించదగ్గది. తేటగా ఉన్న నీరు బురదరంగుకు తిరుగుతున్నా, పెరుగుతున్నా ఆ క్షణమే ఒడ్డెక్కి పైకి పోవాలి. తల మీద ఎండ కాస్తున్నా సరే, వాన ఎగువన పడి ఉండవచ్చు. కరువు ఏళ్లలో ఇందుకు వ్యతిరేకమైన సమస్య వస్తుంది. గ్వాడలూప్, ఫ్రియో రెండూ కొన్ని వేసవుల్లో అక్కడక్కడ మడుగులుగా మిగిలిపోతాయి. వేడెక్కి నిలిచిన అలాంటి నీటిలో మెదడును తినే అమీబా ఉండే అవకాశం ఉంది. అది సోకడం చాలా అరుదు కానీ, సోకితే బతకడం దాదాపు అసాధ్యం. ముక్కులోకి నీరు పోవడం వల్లే సోకుతుంది కాబట్టి మడుగుల్లో మునకలు వేయనివ్వవద్దు, ముక్కుకు క్లిప్పు పెట్టండి. ప్రయాణానికి రెండు రోజుల ముందు ప్రవాహం లెక్క చూస్తే నదిలో నీళ్లు ఉన్నాయో లేవో కూడా తేలిపోతుంది.

ఇవన్నీ కలిపి చూస్తే మీకు నా మొదటి ఎంపిక గ్వాడలూప్ రివర్ స్టేట్ పార్కు. పార్కుకు నాలుగు మైళ్ల నదీతీరం ఉంది. నీళ్లు, కరెంటు ఉన్న సైట్లు నదికి పైన మెరక మీద ఉంటాయి, నది ఒడ్డు పగటిపూట గడపడానికి విడిగా ఉంటుంది. నేను మొదటి నుంచీ చెబుతున్న పద్ధతి ఆ పార్కు అమరికలోనే ఉంది. ఫ్రియో మీద గార్నర్ స్టేట్ పార్కు అందంలో దానికంటే ఒక మెట్టు పైనే, వేసవి రాత్రుల్లో పెవిలియన్ దగ్గర జరిగే నాట్యాలకు టెక్సస్ అంతటా పేరుంది. కానీ డాలస్ నుంచి దూరం ఎక్కువ, సెలవుల్లో గోల కూడా ఎక్కువ, పైగా అక్కడ సైటును ఎంచుకునేటప్పుడు నదికి ఎంత ఎత్తులో ఉందో ఒక్కొక్కటిగా చూసుకోవాలి. అమ్మానాన్నలతో మొదటిసారి వెళ్లేవారికి నేను దాన్ని రెండో స్థానంలోనే ఉంచుతాను.

టెక్సస్ స్టేట్ పార్కుల్లో ఒక సైటుకు ఎనిమిది మందికి మించి అనుమతించరు, కాబట్టి పక్కపక్కన రెండు సైట్లు తీసుకోండి. టెంటు కుటుంబానికి కూడా కరెంటు ఉన్న సైటే తీసుకుంటే ఫ్యానుకు పనికొస్తుంది. బుకింగ్ ఐదు నెలల ముందు తెరుస్తారు. సెలవు వారాంతాలు చాలా త్వరగా నిండిపోతాయి కానీ, చివరి రెండు వారాల్లో రద్దయ్యేవి చాలానే ఉంటాయి, రోజూ పొద్దున ఒకసారి చూస్తూ ఉండండి. బహిరంగంగా మద్యం తాగడం ఆ పార్కుల్లో నిషిద్ధం, వంటచెరకు అక్కడ ఏరుకోనివ్వరు, మీతో వచ్చేవారికి ముందే చెప్పండి. ఖాళీలు దొరికితే బుక్ చేసే ముందు సైటు నంబర్లు ఇక్కడ రాయండి. పటంలో వాటి ఎత్తు, నీడ, మరుగుదొడ్లకు దూరం చూసి ఏది తీసుకోవాలో చెబుతాను.